రెండో కారు ఎక్కడుందో చూడండి: రేసింగ్ ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి సగం సింగిల్ సీటర్ల (ఒక్కరే కూర్చునే రేసు కార్ల) గురించే వచ్చాయి. ముఖ్యంగా ఎఫ్1కి (ఫార్ములా 1కి) కింద మెట్లలో, అంటే ఎఫ్2, ఎఫ్3, ఎఫ్4లలో ఉండే జూనియర్ టీమ్‌ల గురించి. నాకు ఇష్టమైన విషయం కనుక మొదటి ఉత్తరానికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నారాయణ్ కార్తికేయన్ ఎఫ్1కి వెళ్లకముందు ఇంగ్లండ్‌లో కార్లిన్ అనే టీమ్‌కి నడిపాడని మా నాన్న చెప్పేవారు. ఇప్పుడు ఎఫ్2 రేసులు చూస్తుంటే ఆ పేరే కనబడటం లేదు. మూసేశారా? ఆ టీమ్ కథ చెప్పండి.
(ఒక పాఠకుడు, అంబత్తూరు)

జవాబు: మూసెయ్యలేదు బాబూ, పేరు మారింది. ఎఫ్2లో మీరిప్పుడు ‘రోడిన్ మోటార్‌స్పోర్ట్’ అని చూస్తున్నది ఒకప్పటి కార్లినే. 2023 మొదట్లో న్యూజిలాండ్‌కి చెందిన రోడిన్ కార్స్ అందులో ఎక్కువ వాటా కొనుక్కుంది. ఆ ఏడాదంతా ‘రోడిన్ కార్లిన్’ అన్న పేరుతో నడిచింది. ఏడాది చివరికి కార్లిన్ కుటుంబం తప్పుకుంది. 2024 నుంచి పాత పేరు పూర్తిగా పోయింది.

మీ నాన్నగారు చెప్పింది నిజం. ట్రెవర్ కార్లిన్, మార్టిన్ స్టోన్ అనే ఇద్దరు కలిసి 1996లో ఆ టీమ్ పెట్టారు. నారాయణ్ 1998లో బ్రిటిష్ ఫార్ములా 3కి వెళ్లేసరికి దాని వయసు రెండేళ్లే. అంటే ఇద్దరూ కొత్తవాళ్లే. మొదటి ఏడాది సీజన్ మొత్తం నడపలేదు. అయినా చివర్లో స్పా, సిల్వర్‌స్టోన్ రేసుల్లో మూడో స్థానంలో నిలిచాడు. మరుసటి ఏడాది 1999లో బ్రాండ్స్ హ్యాచ్‌లో రెండు రేసులు గెలిచాడు. ఆ వార్త ఇక్కడి పేపర్లో ఎక్కడో మూల వేశారు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో, కార్లు బాగుచేసుకునే పిట్స్‌లో మాత్రం మాకది పండగ. ఫార్ములా మారుతిలో అతను తిరిగిన ట్రాకే కదా మాది. ఎనిమిది వందల సీసీ కూడా లేని మారుతి ఇంజన్ పెట్టి, మన దేశంలోనే కట్టిన ఆ చిన్న కారు నుంచి రెండు లీటర్ల ఎఫ్3 కారు దాకా వెళ్లి, అక్కడి పిల్లల్ని వాళ్ల సొంత ట్రాకు మీద వెనక్కి నెట్టడమంటే ఏమిటో కారుకి స్పానర్ పట్టినవాళ్లకు బాగా తెలుస్తుంది.

ఆ మారుతి కారుని తయారుచేసింది కోయంబత్తూరు కరివర్ధన్. ఆయన్ని తలచుకోకుండా ఈ కథ చెప్పడం నాకు చేతకాదు. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. మధ్యతరగతి పిల్లవాడు కూడా సింగిల్ సీటర్‌లో కూర్చోగలగాలని పట్టుబట్టి పనిచేసిన మనిషి. కోయంబత్తూరు ట్రాకుకి ఆయన పేరే పెట్టారు.

ఇక కార్లిన్ విషయానికొద్దాం. 2001లో జపాన్ కుర్రాడు తకుమా సాటో ఈ టీమ్‌లో బ్రిటిష్ ఎఫ్3 ఛాంపియన్ అయ్యాడు. అక్కణ్ణించి లెక్కపెట్టండి: 2003లో వాన్ డెర్ మెర్వే, 2005లో పరెంతే, 2008లో అల్గెర్సువారి, 2009లో డానియల్ రికార్డో, 2010లో వెర్న్, 2011లో ఫెలిపె నాసర్, 2012లో జాక్ హార్వీ, 2013లో జోర్డన్ కింగ్. ఈ పేర్లు ఎక్కడ వెతికినా దొరుకుతాయి. నేను మీకు చెప్పదలచుకున్నది వీళ్ల పక్కన ఉన్నవాళ్ల గురించి.

2001లో సాటో మొదటివాడైతే రెండోవాడు ఆంథొనీ డేవిడ్‌సన్. అతనూ కార్లినే. 2005లో రెండో స్థానం చార్లీ కింబల్, కార్లిన్. 2008లో మొదటి ముగ్గురూ, అల్గెర్సువారి, ఆలివర్ టర్వీ, బ్రెండన్ హార్ట్‌లీ, ఒకే గ్యారేజీవాళ్లు. 2010లో వెర్న్ వెనక జేమ్స్ కలాడో, 2011లో నాసర్ వెనక కెవిన్ మాగ్నుసెన్. వీళ్లూ అదే టీమ్. ఒక కుర్రాడు గెలిస్తే అది కుర్రాడి గొప్ప కావచ్చు, వాళ్ల నాన్న పెట్టిన డబ్బు గొప్ప కావచ్చు. రెండో కారు, మూడో కారు కూడా దాని వెనకే వస్తే ఆ గొప్ప టీమ్‌ది. చాలా జూనియర్ టీమ్‌లలో మంచి ఇంజనీరు, మంచి మెకానిక్, కొత్త విడిభాగాలు అన్నీ ఒక కారు దగ్గరే చేరతాయి. రెండో కుర్రాడు డబ్బు కట్టి మిగిలిపోయినవాటితో నడుపుతాడు. ఫలితాల పట్టికలో ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కార్లిన్ పట్టికలు చూస్తే అది కనబడదు. నా దృష్టిలో ఆ టీమ్ చరిత్రంతా ఇందులోనే ఉంది.

సెబాస్టియన్ వెటెల్ సంగతి కూడా చెప్పాలి. ఫార్ములా రెనో 3.5 అనే సిరీస్‌లో 2006లో కార్లిన్‌కి వచ్చాడు, 2007లో నూర్బుర్గ్‌రింగ్‌లో గెలిచాడు, ఛాంపియన్‌షిప్‌లో ముందుండగా మధ్యలోనే ఎఫ్1 నుంచి పిలుపొచ్చింది. టోరో రోసో అనే ఎఫ్1 టీమ్ తీసుకుపోయింది. టైటిల్ ఆశ పోయినా టీమ్ నవ్వుతూ పంపాలి. జూనియర్ టీమ్ బతుకే అది. బాగా తయారైన కుర్రాడు ఎప్పుడో ఒకప్పుడు వెళ్లిపోతాడు, వెళ్లకపోతే మనం సరిగా తయారుచెయ్యలేదని అర్థం. లాండో నోరిస్‌ది మరీ పొడుగాటి బంధం: 2015లో బ్రిటన్ ఎఫ్4 స్థాయి టైటిల్, 2017లో యూరోపియన్ ఎఫ్3 టైటిల్, 2018లో ఎఫ్2లో రెండో స్థానం, మూడూ కార్లిన్‌తోనే. ఆ 2018లో డ్రైవర్ల టైటిల్ ఏఆర్‌టీ టీమ్‌లోని జార్జ్ రసెల్‌కి పోయింది కానీ టీమ్‌ల టైటిల్ కార్లిన్‌కే వచ్చింది. ఎందుకంటే రెండో కారులో సెర్జియో సెట్టె కమారా కూడా పాయింట్లు తెచ్చాడు. మళ్లీ రెండో కారే!

మనవాళ్ల బంధం నారాయణ్‌తో ఆగిపోలేదు. ముంబై అబ్బాయి జెహాన్ దారువాలా 2017, 2018లో యూరోపియన్ ఎఫ్3, 2020, 2021లో ఎఫ్2 ఈ టీమ్‌కే నడిపాడు. 2020 డిసెంబర్‌లో బహ్రెయిన్‌లో జరిగిన సాఖిర్ స్ప్రింట్ రేసులో ఎఫ్2లో తన మొదటి విజయం అందుకున్నాడు. కోవిడ్ ఏడాది, స్టాండ్లలో జనం లేరు. నేను ఇంట్లో టీవీ ముందు లేచి నిలబడ్డాను.

మధ్యలో కార్లిన్‌వాళ్లు అమెరికా వెళ్లి 2018 నుంచి 2021 దాకా ఇండీకార్ అనే అక్కడి పెద్ద సింగిల్ సీటర్ సిరీస్‌లో కూడా టీమ్ నడిపారు. కార్లు మాక్స్ చిల్టన్, మళ్లీ ఆ పాత చార్లీ కింబల్ నడిపారు. అక్కడ పెద్దగా కలిసిరాలేదు.

ప్రశ్న: ఎఫ్2లో కార్లన్నీ ఒకటే అంటారు. ఛాసిస్ డల్లారా, ఇంజన్ మెకాక్రోమ్, టైర్లు పిరెల్లీ. అన్నీ ఒకటే అయినప్పుడు టీమ్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న ఎక్కడిది? డ్రైవర్ ఒక్కడే తేడా కదా?
(ఇంజనీరింగ్ విద్యార్థి, తాంబరం)

జవాబు: మంచి ప్రశ్న. కారు ఒకటే, కానీ పెట్టెలోంచి తీసి అలాగే ట్రాకు మీదికి వదలరు కదా. ఎత్తు ఎంత, స్ప్రింగ్ ఏది, యాంటీ రోల్ బార్ (మలుపులో కారు పక్కకి ఒరగకుండా పట్టే కడ్డీ) ఎంత బిగువు, డాంపర్ (కుదుపుని అణిచేది) ఎన్ని క్లిక్కులు, క్యాంబర్, టో అనే చక్రాల కోణాలు, వింగ్ కోణం, టైర్లో గాలి. ఇవన్నీ టీమ్ చేతిలోనే. ఒక్కటి చూపిస్తాను, మిగతావి మీరే ఊహించుకోండి.

నాలుగు చక్రాల కింద నాలుగు తూకం పలకలు పెడతాం. ముందు గ్యారేజీ నేలనే నమ్మకూడదు. ఇరుంగాట్టుకోట్టైలో అయినా ఎక్కడైనా నేల అచ్చంగా సమతలంగా ఉండదు. లెవెల్ పెట్టి చూసి, తక్కువైన పలక కింద పల్చటి రేకు ముక్కలు పేర్చి నాలుగూ ఒకే మట్టానికి తెస్తాం. తర్వాత డ్రైవర్ సీట్లో కూర్చోవాలి, హెల్మెట్‌తో సహా. రేసులో ఎంత పెట్రోలు ఉంటుందో అంత పెట్రోలు పోయాలి. అప్పుడు యాంటీ రోల్ బార్ లింకు విప్పి, కారుని కిందికీ పైకీ నొక్కి వదిలి, అంకెలు చూడాలి. ఎడమ ముందు, కుడి వెనక కలిపి ఎంత? కుడి ముందు, ఎడమ వెనక కలిపి ఎంత? రెండు మొత్తాలూ సమానంగా రావాలి. రాకపోతే స్ప్రింగ్ కింద ఉండే మర కొంచెం తిప్పుతాం. ఎడమ ముందు మర బిగిస్తే ఆ చక్రం మీదే కాదు, దానికి ఎదురుమూల ఉన్న కుడి వెనక చక్రం మీద కూడా బరువు పెరుగుతుంది. నాలుగు కాళ్ల పీటకి ఒక కాలి కింద అట్టముక్క పెట్టి చూడండి, అర్థమవుతుంది. ఒక మూల సరిచేస్తే మరో మూల కదులుతుంది. సరిపోయేదాకా తిప్పుతూనే ఉండాలి.

ఇది తప్పితే ఏమవుతుంది? కారు ఎడమ మలుపులో బాగా తిరుగుతుంది, కుడి మలుపులో ముక్కు బయటికి తోసుకుపోతుంది. పదహారేళ్ల పిల్లవాడు కారుదే తప్పని చెప్పలేడు. తనకే కుడి మలుపులు రావనుకుంటాడు. నెల తిరిగేసరికి ధైర్యం పోతుంది. తూకం పలకల దగ్గర అరగంట తగ్గించినందుకు ఒక కుర్రాడి సీజన్ పోయిన సందర్భం నేను చూశాను. ఆ టీమ్ పేరు చెప్పను.

టైరు గాలి మరో కథ. ఫిబ్రవరిలో పొద్దున తొమ్మిదికి మన ట్రాకు మీద పెట్టిన గాలి మధ్యాహ్నం రెండుకి పనికిరాదు. తారు వేడెక్కితే టైరూ వేడెక్కుతుంది, గాలి వ్యాకోచిస్తుంది, టైరు మధ్యలో ఉబ్బి అంచులు రోడ్డుకి ఆనవు. మంచి టీమ్‌లో ఒక మనిషి ప్రతి సెషన్‌కీ తారు వేడి, బయలుదేరేటప్పటి గాలి, తిరిగొచ్చాక గాలి రాసి పెట్టుకుంటాడు. ఏళ్ల తరబడి అలా రాసుకున్న నోట్‌బుక్కే టీమ్‌కి ఆస్తి. డల్లారా దాన్ని కారుతో పాటు అమ్మదు!

ప్రశ్న: మాస్టారూ, మాది విజయవాడ, ఇప్పుడు వేలచ్చేరిలో ఉంటున్నాం. మా బాబుకి పన్నెండేళ్లు. కార్టింగ్‌లో బాగా చేస్తున్నాడు. ఒక టీమ్‌వాళ్లు ‘ఇప్పుడే సీటు బుక్ చేసుకోండి, సింగిల్ సీటర్‌లోకి తీసుకెళ్తాం’ అంటున్నారు. అడ్వాన్స్ అడుగుతున్నారు. ఏం చెయ్యమంటారు? టెన్షన్‌గా ఉంది.
(ఒక తల్లి, వేలచ్చేరి)

జవాబు: టెన్షన్ పడకండమ్మా. తొందర ఏమీ లేదు. ఎఫ్4లో నడపాలంటే పదిహేనేళ్లు నిండాలి. బాబుకి ఇంకా మూడేళ్లు కార్టింగే. అదే సరైన చోటు కూడా. మెకో సంస్థ నడిపే రోటాక్స్ జాతీయ పోటీల్లో వయసును బట్టి తరగతులుంటాయి, వాటిల్లో నడపనివ్వండి. సీటు బుకింగ్ మాట ఇప్పుడు అనవసరం.

వాళ్లతో మాట్లాడాలనుకుంటే మాత్రం గెలిచిన కప్పుల గురించి అడగొద్దు. పోయిన రెండు సీజన్లలో వాళ్ల రెండో కారు ఎవరు నడిపారు, ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడు అని అడగండి. వీలైతే వాళ్ల అమ్మానాన్నలతో ఫోన్లో మాట్లాడండి. తర్వాత టైర్ల సంగతి: ఒక రేస్ వీకెండ్‌కి ఎన్ని కొత్త సెట్లు, టెస్టింగ్‌కి ఇచ్చేవి ఎంత వాడినవి? కారు గుద్దుకుంటే ఖర్చు ఎవరిది, దానికి పరిమితి ఉందా? ఇక్కడే ఇళ్లు గుల్లవుతాయమ్మా. సీటుకి ఇంత అని చెప్పి, ఒక యాక్సిడెంట్ తర్వాత సస్పెన్షన్, ముక్కు, వింగ్ అన్నీ కలిపి సీటు డబ్బంత బిల్లు వేసిన టీమ్‌ని నేనెరుగుదును. ఆ కాగితం మీద తండ్రి సంతకం ఉంది, ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. కాగితం లాయరుకి చూపించకుండా రూపాయి ఇవ్వొద్దు.

డేటా గురించి కూడా అడగండి. ప్రతి సెషన్ తర్వాత ఇద్దరు డ్రైవర్ల డేటా పక్కపక్కన పెట్టి చూపిస్తారా, లేదా ఎవరిది వాళ్లకే చూపిస్తారా? పక్క కుర్రాడు ఎక్కడ బ్రేక్ వేస్తున్నాడో, ఎక్కడ యాక్సిలరేటర్ తొక్కుతున్నాడో చూసి నేర్చుకోవడమే జూనియర్ రేసింగ్‌లో సగం చదువు. దాచే టీమ్‌కి మీ బాబుని పంపొద్దు.

పదిహేను దాటాక ఒకేసారి విదేశం అనొద్దు. మన ఎల్‌జీబీ ఫార్ములా 4 కారు ఉంది, స్విఫ్ట్ ఇంజన్‌తో. ఖర్చు తక్కువ, పోటీ గట్టిది. అందులో బాగా చేస్తే అప్పుడు పై మెట్టు చూద్దాం. ఎఫ్2 దాకా వెళ్లాలంటే ఏడాదికి కోట్లలో మాట. స్పాన్సర్ లేకుండా ఇల్లు అమ్మి ఎక్కే మెట్టు కాదది. స్కూలు మానిపించొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ప్రశ్న: అమ్మాయిలకి ఈ దారిలో చోటుందా అంకుల్? నాకు పధ్నాలుగు. అందరూ నవ్వుతున్నారు.
(ఒక పాఠకురాలు, పెరంబూరు)

జవాబు: నవ్వేవాళ్లకి 2019 ఫిబ్రవరి గుర్తు చెయ్యమ్మా. ఎమ్మారెఫ్ ఛాలెంజ్ అనే సింగిల్ సీటర్ సిరీస్ టైటిల్ మన ఇరుంగాట్టుకోట్టైలోనే ఇంగ్లండ్ అమ్మాయి జేమీ చాడ్విక్ గెలిచింది, అబ్బాయిలందరి మీదా. ఆ సిరీస్‌ని అంతకుముందు గెలిచినవాళ్లలో తర్వాత ఎఫ్1 నడిపిన పియెట్రో ఫిట్టిపాల్డి, ఎఫ్2 ఛాంపియన్ అయిన ఫెలిపె ద్రుగొవిచ్ ఉన్నారు. మైకేల్ షూమాకర్ కొడుకు మిక్ 2016-17 సీజన్‌లో నడిపి మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. అంటే చిన్న పోటీ కాదు. ఆ తర్వాత జేమీ అమ్మాయిల కోసమే పెట్టిన డబ్ల్యూ సిరీస్ మూడుసార్లు గెలిచింది.

పైన చెప్పిన కార్లిన్, ఇప్పటి రోడిన్, ఆ టీమ్‌లోనే ఆబీ పుల్లింగ్ 2024లో ఎఫ్1 అకాడమీ (ఇదీ అమ్మాయిల సిరీసే) ఛాంపియన్ అయింది. బహుమతిగా ఆమెకి జీబీ3 అనే పై సిరీస్‌లో సీటు వచ్చింది, అబ్బాయిలతో కలిసి నడపడానికి. చోటుంది. ఇరుంగాట్టుకోట్టైలో కొత్త కార్టింగ్ ట్రాకు వచ్చింది, మీ నాన్నగారితో ఒక ఆదివారం వెళ్లు. మెడ కండరాలకి ఎక్సర్‌సైజ్ ఇప్పటినుంచే మొదలుపెట్టు, మలుపుల్లో హెల్మెట్ బరువు మోసేది మెడే.

ప్రశ్న: మన తెలుగువాళ్ల టీమ్ ఏదైనా ఉందా?
(ఒక పాఠకుడు, టి. నగర్)

జవాబు: హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ ఉంది. 2024లో నటుడు నాగచైతన్య యజమానిగా చేరాడు. ఆ ఏడాది ఆగస్టు 31, సెప్టెంబరు 1న చెన్నై ఐలండ్ గ్రౌండ్స్ చుట్టూ జరిగిన నైట్ రేసులో వాళ్లూ ఉన్నారు. మూడున్నర కిలోమీటర్ల వీధి ట్రాకు, మన దేశంలో అలాంటి నైట్ రేసు అదే మొదలు. మొదటిరోజు వాన వచ్చి రేసులు మర్నాటికి పోయాయి.

పేరు ఊరిది, యజమాని మనవాడు, సంతోషమే. నేను కోరుకునేది ఇంకోటుంది: ఆ గ్యారేజీలో తెలుగు మెకానిక్కులు, తెలుగు డేటా ఇంజనీర్లు. తాంబరం తమ్ముడు పైన ప్రశ్న అడిగాడు కదా, అలాంటివాళ్లు.

ప్రశ్న: షోలవరం రేసులు గుర్తున్నాయా? ఎందుకు ఆగిపోయాయి?
(రిటైర్డ్ టీచర్, సూళ్లూరుపేట)

జవాబు: గుర్తులేకేమండీ, మాదీ మీ వైపే. సూళ్లూరుపేటలో మద్రాసు బస్సెక్కి కారనోడై దగ్గర దిగి, దుమ్ములో నడుచుకుంటూ పోయేవాళ్లం. రెండో ప్రపంచ యుద్ధంనాటి విమానాల రన్‌వే అది, దాని మీదే మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ రేసులు పెట్టేది. పొడుగాటి తిన్నని దారి, చివర్లో ఒక్కసారిగా మలుపు. బ్రేకులు పట్టకపోతే గడ్డిబేళ్లలోకే. జనం తాడు కట్టిన గీత దాకా వచ్చి నిలబడేవారు. ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తుంది.

రన్‌వే అంటే అద్దెకి తీసుకున్న చోటే, సొంత ట్రాకు కాదు. ప్రేక్షకులకీ డ్రైవర్లకీ రక్షణ ఏర్పాట్లు పక్కాగా ఉండాలంటే సొంత స్థలం తప్పదని క్లబ్‌వాళ్లు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో భూమి తీసుకుని ట్రాకు కట్టారు. 1990లో అది మొదలయ్యాక రేసులన్నీ అక్కడికే చేరాయి. దాని చుట్టుకొలత 3.7 కిలోమీటర్ల పైచిలుకు. నారాయణ్, కరుణ్ చందోక్ ఇద్దరూ అక్కడ తిరిగినవాళ్లే. మీరు వస్తానంటే పూనమల్లి దాటి బెంగళూరు హైవే మీద వెళ్లాలి, శ్రీపెరుంబుదూరుకి కాస్త ముందే వస్తుంది. జాతీయ ఛాంపియన్‌షిప్ వీకెండ్ చూసుకుని శనివారం పొద్దున్నే రండి, క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పరుగు) అప్పుడే. నీడ తక్కువ, గొడుగూ మంచినీళ్లూ తెచ్చుకోండి. ప్యాడాక్ (టీమ్‌లు కార్లు సిద్ధం చేసుకునే చోటు) దగ్గర అడిగితే కారు తూకం వేసేటప్పుడు పక్కన నిలబడి చూడనిస్తారు.